షార్ల్ అజ్నవూర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రెంచి పాటల మాట ఎత్తితే చాలు, నాకు తెలిసినవాళ్ళు అడిగేవి అటు తిరిగీ ఇటు తిరిగీ అవే ప్రశ్నలు. "ఆ నాటింగ్ హిల్ పాట ఆయనదేనా?", "ఆర్మేనియావాడు కదా, ఫ్రాన్స్‌కి అంత ముద్దెందుకు?", "ముందు డ్రైవరట కదా?" ప్రతిసారీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక అన్నిటికీ జవాబులు ఇలా ఒకచోట రాసిపెట్టాను. సందేహం ఆయన జీవితంలో ఏ దశ గురించైతే ఆ శీర్షిక కింద చూసుకోండి. వరసగా చదవాల్సిన పనేం లేదు.

## ముందుగా

అసలు అజ్నవూర్ ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

1924 మే 22న పారిస్‌లో పుట్టి, 2018 అక్టోబరు 1న 94 ఏళ్ళ వయసులో దక్షిణ ఫ్రాన్స్‌లోని సొంత ఇంట్లో కన్నుమూసిన గాయకుడు. పాటలు రాసేవాడు, బాణీలు కట్టేవాడు, పాడేవాడు. 60కి పైగా సినిమాల్లో నటించాడు. పుట్టింది శరణార్థుల ఇంట్లో, పోయింది ఒక దేశపు రాయబారిగా. నన్నడిగితే ఆయన ముందు రచయిత, ఆ తర్వాతే గాయకుడు. ఆ గొంతు పాటకు పనికిరాదని అందరూ తీసిపారేసిన రోజుల్లో కూడా ఆయన రాసిన పాటల్ని మాత్రం వేరే గాయకులు అడిగి మరీ తీసుకెళ్ళేవారు.

పేరు ఎలా పలకాలి? చార్లెస్ అజ్నావర్ అంటే తప్పా?

ఫ్రెంచివాళ్ళు "షార్ల్ అజ్నవూర్" అంటారు. చివరి ర-కారం గొంతు లోపల గీరుకున్నట్టు వస్తుంది, మనం మామూలు "ర్" పలికినా ఎవరూ ఏమీ అనుకోరు. ఇంగ్లీషు రేడియోల్లో "చార్ల్స్" అన్నా ఆయన పలికేవాడే.

మన సినిమా నేపథ్య గాయకుల్లాంటివాడా?

కాదు. ఫ్రాన్స్‌లో "షాన్సోఁ" అని ఒక సంప్రదాయం ఉంది. అది సినిమా కోసం పుట్టిన పాట కాదు. స్టేజీ మీద ఒక మనిషి నిలబడి, మూడు నిమిషాల్లో ఒక పాత్రను, దాని గోడును మన ముందు పెడతాడు. అందులో మాటది పైచేయి, రాగం దాని వెనక నడుస్తుంది. గొంతు తియ్యగా ఉండాలన్న పట్టింపు అంతగా ఉండదు. పాడేవాడు ఆ పాత్రను నమ్మించాలి, అంతే.

రాయడం, బాణీ కట్టడం, పాడడం, నటించడం ఒకే మనిషి చేయడం మనకు కొత్తేమీ కాదు. చిత్తూరు నాగయ్యగారు, భానుమతిగారు గుర్తుకొస్తారు. కాకపోతే వాళ్ళ పాటకు చుట్టూ సినిమా ఉండేది. ఇక్కడ పాటే సినిమా.

## పుట్టుక, బాల్యం

ఇంతకీ ఆయన ఫ్రెంచివాడా, ఆర్మేనియావాడా?

రెండూ. ఈ ప్రశ్న ఆయన్నీ చాలామంది అడిగారు, ఆయన ఎప్పుడూ ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని ఉంచుకోలేదు. తండ్రి మిషా ఇప్పటి జార్జియాలోని అఖల్త్‌సిఖేలో పుట్టిన ఆర్మేనియన్. తల్లి క్నార్‌ది ఇప్పటి తుర్కీలోని అడపజారు నుంచి వచ్చిన ఆర్మేనియన్ కుటుంబం. 1915లో ఒట్టోమన్ పాలనలో మొదలైన ఆర్మేనియన్ల ఊచకోతలో తల్లివైపు వాళ్ళు చాలామంది పోయారు. తప్పించుకున్న దంపతులకు మొదట గ్రీసులోని థెస్సలొనీకిలో కూతురు ఐడా పుట్టింది. అక్కడినుంచి పారిస్ చేరారు. నిజానికి వాళ్ళు వెళ్ళాలనుకున్నది అమెరికా. వీసా కోసం ఎదురుచూస్తుండగా కొడుకు పుట్టాడు, ఇక అక్కడే ఉండిపోయారు. ఆ వీసా టైముకి వచ్చుంటే ఈ పేజీ వేరే ఎవరి గురించో రాసేవాణ్ణి.

అసలు పేరు వేరే అట కదా, ఎందుకు మార్చుకున్నాడు?

ఇంట్లో పెట్టిన పేరు షానూర్, ఇంటిపేరు అజ్నవూరియన్. ప్రసూతి ఆసుపత్రి వాళ్ళకు "షానూర్" నోరు తిరగక "షార్ల్" అని రాసేశారని చెప్పేవాడు. నాటకాల్లోకి వచ్చాక ఇంటిపేరు చివరి "ఇయన్" తనే కత్తిరించుకున్నాడు. ఆర్మేనియన్ ఇంటిపేర్లు చాలావాటికి ఆ తోక ఉంటుంది. దాన్ని దాచాలని కాదు, పోస్టరు మీద పొట్టి పేరు బాగుంటుందని.

పెద్దగా చదువుకోలేదంటారు, నిజమేనా?

నిజమే. తండ్రి పారిస్‌లోని లాటిన్ క్వార్టర్‌లో, హ్యూషెట్ వీధిలో "కొకాజ్" పేరుతో చిన్న హోటలు నడిపేవాడు. డబ్బుల్లేని విద్యార్థులకు, తోటి శరణార్థులకు అప్పు పెట్టి పెట్టి మునిగిపోయాడు. తల్లి కుట్టుపని చేసింది. ఇద్దరికీ పాట, నాటకం అంటే పిచ్చి. పిల్లవాడు తొమ్మిదేళ్ళకే స్టేజీ ఎక్కాడు. మామూలు బడి అంతటితో దాదాపు ఆగిపోయింది. ఆ లోటు ఆయన్ని జీవితాంతం వేధించింది. డిక్షనరీలు పక్కన పెట్టుకుని మాటలు నేర్చుకునేవాడు. ఫ్రెంచి భాషకు పెద్దదిక్కు లాంటి ఫ్రెంచి అకాడమీవాళ్ళు మెచ్చుకునేంత శుభ్రమైన ఫ్రెంచి రాసినవాడు ఇలా సొంతంగా నేర్చుకున్నవాడే.

యుద్ధకాలంలో వాళ్ళ ఇంట్లో యూదుల్ని దాచారన్నది నిజమా?

నిజం. జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో, తొమ్మిదో డివిజన్‌లోని నవారాఁ వీధిలో వాళ్ళది చిన్న అపార్ట్‌మెంట్. ఆ ఇరుకు ఇంట్లోనే యూదుల్ని దాచారు. జర్మన్ సైన్యంలోకి బలవంతంగా చేర్చుకున్న సోవియట్ ఆర్మేనియన్లు పారిపోయి వస్తే వాళ్ళకూ చోటిచ్చారు. వాళ్ళు విడిచిన యూనిఫారాలను కంటపడకుండా వదిలించే పని పిల్లలిద్దరిదీ. పట్టుబడితే ఇంటిల్లిపాదికీ చావే.

జర్మన్ల మీద రహస్యంగా పోరాడిన ప్రతిఘటన దళ నాయకుడు మిసాక్ మనూషియన్, ఆయన భార్య మెలినే కూడా ఈ ఇంటికి బాగా దగ్గరివాళ్ళు. చదరంగం నేర్పింది మిసాకే అని అజ్నవూర్ చెప్పేవాడు. 1944 ఫిబ్రవరి 21న జర్మన్లు మనూషియన్‌ని కాల్చి చంపారు. ఆ ఇంటివాళ్ళు దీని గురించి చాలాకాలం గొప్పలు చెప్పుకోలేదు. 2017లో ఇజ్రాయెల్ అధ్యక్షుడు అజ్నవూర్‌ని జెరూసలేంకి పిలిచి కుటుంబం తరఫున రవుల్ వాలెన్‌బర్గ్ పతకం ఇచ్చాడు. అది ఆ యుద్ధంలో యూదుల్ని కాపాడిన స్వీడన్ దౌత్యవేత్త పేరు మీద ఇచ్చే పతకం.

## పియాఫ్ రోజులు, కష్టకాలం

ఎడిత్ పియాఫ్‌కి డ్రైవరుగా పనిచేశాడా? ప్రేమికుడా?

పియాఫ్ అంటే ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో పెద్ద పేరున్న గాయని. ఆమెకు డ్రైవరుగా చేశాడు. లైట్లు చూసుకున్నాడు, సామాన్లు మోశాడు, సెక్రటరీ పనులు చేశాడు, ఆమె కచేరీకి ముందు నాలుగు పాటలు పాడాడు, ఆమె కోసం పాటలు రాశాడు. 1946లో పరిచయమైంది. దాదాపు ఎనిమిదేళ్ళు ఆమె చుట్టూనే తిరిగాడు, ఆమె ఇంట్లోనే ఉన్నాడు.

ప్రేమ సంగతికొస్తే, లేదనే ఆయన ఎప్పుడూ చెప్పాడు. పియాఫ్ చుట్టూ చేరిన మగవాళ్ళలో చాలామంది కథ వేరు కాబట్టి జనం నమ్మలేదు. నాకైతే ఆయన మాట నమ్మాలనే ఉంది. ప్రేమికులు వచ్చారు, పోయారు, ఈయన మాత్రం సామాన్లు మోస్తూ ఉండిపోయాడు. స్టేజీ మీద ఎలా నిలబడాలో, జనాన్ని ఎలా పట్టుకోవాలో ఎనిమిదేళ్ళ పాటు పక్క తెర చాటునుంచి చూసి నేర్చుకున్నాడు. అంతకంటే మంచి కాలేజీ ఉంటుందా?

ముక్కు ఆపరేషన్ కథ నిజమేనా?

ఆయనే చెప్పిన కథ. ముక్కు పెద్దదని, అమెరికాలో ఉన్నప్పుడు సరిచేయించుకోమని పియాఫ్ పట్టుబట్టింది. చేయించుకుని వచ్చాక ఒకసారి ఎగాదిగా చూసి, ముందే బాగుండేది అందట.

పియేర్ రోష్ ఎవరు?

మొదటి జోడీ. 1940ల మొదట్లో కలిశారు. రోష్ పియానో, అజ్నవూర్ మాటలు, ఇద్దరూ కలిసి పాడేవారు. 1948లో కెనడా వెళ్ళి మాంట్రియల్‌లో "ఫెజాఁ దోరే" అనే క్యాబరేలో నెలల తరబడి హౌస్‌ఫుల్‌గా ఆడారు. రోష్ అక్కడే ఒక గాయనిని పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. అజ్నవూర్ ఒక్కడే పారిస్‌కు తిరిగొచ్చి మళ్ళీ సున్నానుంచి మొదలుపెట్టాడు.

విమర్శకులు మొదట్లో ఆయన్ని అంతగా ఎందుకు తిట్టారు?

ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. గొంతు జీర. అందగాడు కాదు. పైగా వలస వచ్చినవాళ్ళ బిడ్డ. ఆ రోజుల్లో స్టేజీ మీద ప్రేమ పాట పాడాలంటే పొడుగ్గా, నున్నగా, తియ్యటి గొంతుతో ఉండాలి. పత్రికలు ఆయన గొంతు మీద, రూపం మీద కసితీరా రాశాయి. మనకూ తెలిసిన జబ్బే ఇది, హీరో ఇలా ఉండాలని ముందే కొలతలు పెట్టుకోవడం.

ఆయన చేసిన పని నాకు బాగా నచ్చుతుంది. తన లోపాల జాబితా తనే రాసుకున్నాడు: గొంతు, ఎత్తు, చేతుల కదలిక, చదువు లేకపోవడం, దాచుకోకుండా మాట్లాడే అలవాటు, ప్రత్యేకంగా కనిపించే వ్యక్తిత్వం లేకపోవడం. గొంతు మార్చడం కుదరదు, ఎత్తు పెరగదు, వీటితోనే పని నడిపించాలి అనుకున్నాడు. తర్వాత రాసిన పాటల్లో అందగాళ్ళు ఉండరు. ఓడినవాళ్ళు, ముసలివాళ్ళు, భార్యతో పేచీలు పడేవాళ్ళు, వేళ మించాక మేలుకున్నవాళ్ళు ఉంటారు. ఆ గొంతుకు వాళ్ళే సరిగ్గా నప్పారు.

## పేరొచ్చాక: పాటలు

ఆయన తలరాత మార్చిన రాత్రి ఏది?

1960 డిసెంబరు 12, పారిస్‌లోని అలంబ్రా హాలు. అంతకు ముందే, 1950ల మధ్యలో, కొంత పేరొచ్చింది. పారిస్‌లోని పేరున్న ఒలింపియా హాలులో పాడాడు, కొన్ని రికార్డులు బాగా అమ్ముడయ్యాయి. కానీ పారిస్ పెద్దమనుషులు ఇంకా ఒప్పుకోలేదు. ఆ రాత్రి హాలులో వాళ్ళే ఎక్కువ. వయసు 36. ఇదీ తప్పితే వేరేవాళ్ళకు పాటలు రాసుకుంటూ బతుకుదామని అనుకున్నాడు.

ఒక్కో పాటా అయిపోతోంది, హాలు చల్లగా ఉంది. చివరికి "జ మ్ వ్వాయె దేజా" మొదలుపెట్టాడు. నేనప్పుడే పోస్టరు మీద నన్ను చూసేసుకున్నాను అని చెప్పుకునే ఒక నటుడి పాట. పల్లెనుంచి వచ్చి, చిన్నాచితకా వేషాల్లో జీవితం గడిచిపోయినా, లోపం తనది కాదు, జనానికి అర్థం కాలేదు అని ఇంకా నమ్ముతుంటాడు. ఈ పాటను ముందు పేరున్న గాయకుడు, నటుడు ఈవ్ మోంతాన్‌కి ఇస్తే, మన వృత్తి గోడు జనానికి ఎక్కదని వద్దన్నాడు.

అజ్నవూర్ దాన్ని జనానికి వీపు చూపించి పాడాడు. షర్టు బొత్తాలు పెట్టుకుంటూ, టై కట్టుకుంటూ, కోటు తొడుక్కుంటూ. ఆయనకు ఎదురుగా ఉన్న లైట్లు హాలులోని జనం మొహాల మీద పడుతున్నాయి. అంటే మనం తెర వెనకనుంచి ఒక అనామక నటుణ్ణి చూస్తున్నాం, ఆ లైట్ల అవతల అతని ఊహలోని ప్రేక్షకులున్నారు. పాట అయింది. చప్పట్లు వెంటనే రాలేదు. అంతా పోయిందనుకుని లోపలికి నడిచాడు. మర్యాదకు దండం పెట్టడానికి తిరిగొచ్చేసరికి హాలంతా లేచి నిలబడి ఉంది. ఓడిపోయిన నటుడి పాటతో గెలిచిన మనిషి ఆయన. ఆ తర్వాత యాభై ఎనిమిదేళ్ళు ఆ పాట పాడకుండా స్టేజీ దిగడం అరుదు.

"లా బోఎమ్" ఆయన రాసిందేనా?

సగం. బాణీ ఆయనది, మాటలు జాక్ ప్లాంత్‌వి. 1965లో ఒక సంగీత నాటకం కోసం కట్టిన పాట. నాటకంలో పాడింది జార్జ్ గెతారీ. అజ్నవూర్ తనూ రికార్డు చేశాడు, ఇక ఆ పాట ఆయనదైపోయింది. పారిస్‌లోని మోమార్త్ర్ కొండ మీద ఆకలితో, ప్రేమతో బతికిన ఒక చిత్రకారుడు ముసలితనంలో ఆ రోజుల్ని తలుచుకుంటాడు. ఆ వీధికి మళ్ళీ వెళ్తే ఆ ఇల్లూ లేదు, ఆ పూలూ లేవు.

దీన్ని వినడం కాదు, వీడియోలో చూడాలి. చేతిలో ఒక తెల్ల జేబురుమాలు ఉంటుంది. మొదట్లో అది మామూలు రుమాలే అనిపిస్తుంది. కాసేపటికి కనబడని బొమ్మ మీద కుంచె ఆడిస్తాడు, ఆ రుమాలుతో వేళ్ళకంటిన రంగు తుడుచుకుంటాడు. అప్పుడు అది పెయింటరు గుడ్డ. చివర్లో వాల్ట్జ్ వేగం పెరుగుతుంటే దాన్ని నేలమీద పడేస్తాడు. ముందు వరసల్లో అభిమానులు ఆ గుడ్డ కోసం ఎగబడేవారు.

నాటింగ్ హిల్ సినిమాలో "షీ" పాట ఆయనదేనా?

పాట ఆయనది. 1999 నాటి ఆ సినిమా చివర్లో మీరు విన్న గొంతు మాత్రం ఎల్విస్ కాస్టెల్లోది. అసలు పాట 1974లో ఒక బ్రిటిష్ టీవీ సీరియల్ టైటిల్ సాంగ్‌గా పుట్టింది. బాణీ అజ్నవూర్, ఇంగ్లీషు మాటలు హెర్బర్ట్ క్రెట్జ్‌మర్. బ్రిటన్‌లో నాలుగు వారాలు నంబర్ వన్‌గా ఉంది. తమాషా ఏంటంటే ఫ్రాన్స్‌లో ఆ పాటకు అంత పేరు లేదు. ఫ్రెంచివాళ్ళను ఆయన గొప్ప పాటలు పది చెప్పమనండి, "షీ" అందులో ఉండకపోవచ్చు.

"యెస్టర్‌డే వెన్ ఐ వాజ్ యంగ్" కూడా ఆయనదేనా? అమెరికన్ పాట అనుకున్నానే!

ఆయనదే. 1964 నాటి "యేర్ అంకోర్". నిన్నటికి నిన్న నాకు ఇరవయ్యేళ్ళు, కాలాన్ని ఎలా తగలేశానో చూడండి అని ఒక మనిషి లెక్కలు చూసుకునే పాట. క్రెట్జ్‌మర్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1969లో కంట్రీ గాయకుడు రాయ్ క్లార్క్ పాడాక అమెరికా అంతా అది తమ పాటే అనుకుంది. బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటెల్ తన అంత్యక్రియల్లో ఆ పాట పాడమని క్లార్క్‌ని అడిగి పెట్టుకున్నాడు. 1995లో క్లార్క్ మాట నిలబెట్టుకున్నాడు. రాసేనాటికి అజ్నవూర్‌కి నలభై. తొంభై దాటాక ఆయన అదే పాట పాడుతుంటే వినండి, మాటలు అవే, బరువు వేరు.

"కొమ్ ఇల్ దీజ్" విన్నాను. ఆయన స్వలింగ ప్రేమికుడా?

కాదు. "నేను" అని పాడే ప్రతి పాటా సొంత కథ అనుకోవడం వల్ల వచ్చే సందేహం ఇది. 1972లో రాశాడు. తల్లితో ఒక పాత అపార్ట్‌మెంట్లో ఉంటూ, పగలు ఇంటిపని చేసుకుంటూ, రాత్రి ఆడవేషంలో క్యాబరేలో ఆడే ఒక మగవాడి జీవితం. తాబేలు, పిట్టలు, పిల్లి కూడా ఉంటాయి పాటలో. ఎవరూ ఎగతాళి చేయడానికి వీల్లేని మర్యాదతో ఉంటుంది ఆ మనిషి గొంతు. 1960లో ఫ్రెంచి పార్లమెంటు స్వలింగ ప్రేమను సామాజిక పీడల జాబితాలో చేర్చిందని గుర్తుపెట్టుకుంటే, పన్నెండేళ్ళకే ఒక పేరున్న గాయకుడు ఇలా పాడడం ఎంత తెగింపో అర్థమవుతుంది. పాడొద్దని చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పారు. పాడాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు.

వేరే గాయకులకు ఏం రాశాడు?

చాలా. గాయని జూలియెత్ గ్రెకోకి 1951లో పేరు తెచ్చిన "ఆదివారాలంటే అసహ్యం" పాట మాటలు ఈయనవే. దాన్ని ముందు పియాఫ్ వద్దంది. కుర్రకారు గాయకుడు జానీ హాలిడేకి "రెత్యాఁ లా న్యుయీ", గాయని సిల్వీ వార్తాన్‌కి "లా ప్లూ బెల్ పూర్ అలే దాంసే" ఇచ్చాడు. ఆ రెండిటికీ బాణీ బావ జార్జ్ గార్వారెంత్స్‌ది, ఐడా భర్త. రాక్ అండ్ రోల్ వచ్చి పాత గాయకుల్ని తుడిచిపెట్టేస్తుందని అందరూ భయపడుతుంటే, ఈయన ఆ కుర్రాళ్ళకే పాటలు రాసి పెట్టాడు.

మొత్తం ఎన్ని పాటలు, ఎన్ని రికార్డులు?

వెయ్యికి పైగా పాటలు. రికార్డుల అమ్మకం పద్దెనిమిది కోట్లని చెబుతుంటారు. ఇలాంటి అంకెల్ని రికార్డు కంపెనీల లెక్కలుగానే తీసుకోండి. ఫ్రెంచితోపాటు ఇంగ్లీషు, ఇటాలియన్, స్పానిష్, జర్మన్ భాషల్లోనూ పాడాడు. 1998లో సి.ఎన్.ఎన్., టైమ్ పత్రిక ఆన్‌లైన్‌లో పెట్టిన ఓటింగులో శతాబ్దపు ఎంటర్‌టైనర్‌గా ఎల్విస్ ప్రెస్లీనీ బాబ్ డిలన్‌నీ దాటాడు. ఆ ఏడాదే డిలన్ తన కచేరీలో అజ్నవూర్ పాట ఒకటి పాడాడు.

## సినిమాలు

నటుడిగా నిజంగా మంచివాడా, పాటల పేరు మీద వేషాలిచ్చారా?

మంచివాడే. అలంబ్రా విజయానికి ముందే ఆయన చేతిలో సీరియస్ సినిమాలున్నాయి. 1959లో జార్జ్ ఫ్రాంజు తీసిన "లా తెత్ కోంత్ర్ లె మ్యూర్"లో పిచ్చాసుపత్రిలో ఉన్న మూర్ఛరోగి వేషం వేశాడు. అది చూసే దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫో తన రెండో సినిమాకు పిలిచాడు. పాటలో చేతులు, భుజాలు, కళ్ళు అన్నీ ఆడించే మనిషి కెమెరా ముందు దాదాపు కదలడు. గొడవ జరుగుతుంటే పక్కకి చూస్తాడు, అంతే. అది తెలిసినవాడి పని.

మొదట ఏ సినిమా చూడాలి?

త్రూఫో తీసిన "తిరే స్యుర్ ల పియానిస్త్", 1960. ఒకప్పుడు పెద్ద కచేరీలు చేసిన ఎద్వార్ సరోయన్ అనే పియానిస్టు, భార్య చావు తర్వాత పేరు మార్చుకుని ఒక చిన్న బార్లో పియానో వాయించుకుంటూ బతుకుతుంటాడు. అన్నదమ్ముల గూండా గొడవలు వచ్చి మీద పడతాయి. నవ్వు, నెత్తురు, ప్రేమ అన్నీ ఒకదానిలోంచి ఒకటి వచ్చేస్తుంటాయి. ఇందులో ఆయన పాడడు. అది నాకు భలే నచ్చిన తెలివి.

రెండోది ష్లోన్‌డోర్ఫ్ తీసిన "టిన్ డ్రమ్", 1979. ఎదగడం మానేసిన పిల్లవాడికి డప్పులు అమ్మే యూదు బొమ్మల కొట్టువాడు మార్కుస్‌గా కనిపిస్తాడు. చిన్న వేషం. నాజీలు కొట్టు ధ్వంసం చేసిన రాత్రి ఆ బొమ్మల మధ్య ఆయన్ని చూస్తే మర్చిపోలేరు. ఆ సినిమాకు కాన్ చలనచిత్రోత్సవంలో అన్నిటికంటే పెద్ద బహుమతి పాల్మ్ దోర్, తర్వాత ఆస్కార్ వచ్చాయి.

యుద్ధం సినిమాలు ఇష్టమైతే లీనో వెంత్యురాతో చేసిన "ఎన్ టాక్సీ పూర్ తోబ్రుక్", 1961. షాబ్రోల్ తీసిన 1982 నాటి "లె ఫాంతోమ్ ద్యు షాపెల్యే"లో దర్జీ వేషం కూడా బాగుంటుంది.

అగాథా క్రిస్టీ సినిమాలో కూడా ఉన్నాడట?

ఉన్నాడు. పదిమంది అతిథులు ఒక్కొక్కరుగా చచ్చిపోయే కథ, 1974 వెర్షన్, ఇరాన్‌లో తీశారు. పియానో దగ్గర తన పాట ఒకటి పాడి, అందరికంటే ముందు చచ్చిపోతాడు. డబ్బింగ్ కూడా చేశాడు. 2009 నాటి "అప్" కార్టూన్ సినిమాలో బెలూన్ల ముసలాయన కార్ల్‌కి ఫ్రెంచి గొంతు ఈయనదే.

## ఆర్మేనియా

1988 భూకంపం తర్వాత ఆయన ఏం చేశాడు?

1988 డిసెంబరు 7న సోవియట్ ఆర్మేనియా ఉత్తర భాగం కుప్పకూలింది. స్పితాక్ ఊరు నేలమట్టం. ఇప్పుడు గ్యుమ్రీ అనే లెనినాకాన్ సగం పోయింది. దాదాపు 25,000 మంది చనిపోయారు. అజ్నవూర్ సహాయ సంస్థ పెట్టాడు, బావ బాణీకి "పూర్ త్వా ఆర్మెనీ" అని పాట రాశాడు. ఎనభై మందికి పైగా ఫ్రెంచి కళాకారులు వచ్చి తలో లైను పాడారు. వీడియో తీసింది దర్శకుడు ఆన్రీ వెర్నోయ్, ఆయనదీ ఆర్మేనియన్ పుట్టుకే. 1989లో ఫ్రాన్స్‌లో అది నంబర్ వన్ అయింది, డబ్బంతా బాధితులకు వెళ్ళింది. గ్యుమ్రీలో ఆయన పేరుతో చౌరస్తా, దాంట్లో ఆయన విగ్రహం ఉన్నాయి. అప్పటికాయన బతికే ఉన్నాడు.

నిజంగానే రాయబారిగా పనిచేశాడా, గౌరవానికి ఇచ్చిన పేరా?

నిజం పదవే. 2004లో ఆర్మేనియా జాతీయ వీరుడి బిరుదు ఇచ్చింది, 2008లో పౌరసత్వం ఇచ్చింది. 2009 నుంచి స్విట్జర్లాండ్‌లో ఆర్మేనియా రాయబారి, జెనీవాలో ఐక్యరాజ్యసమితి దగ్గర ఆ దేశ ప్రతినిధి. అప్పటికి ఆయనకు 85 ఏళ్ళు.

1915 ఊచకోత గురించి పాట రాశాడా?

రాశాడు. 1975లో, అరవై ఏళ్ళయిన సందర్భంగా, "ఇల్ సోఁ తోంబే". ఎందుకో తెలియకుండానే నేలకొరిగినవాళ్ళ పాట. తుర్కీ ప్రజలమీద తనకు ద్వేషం లేదని, జరిగినదాన్ని జరిగిందని ఒప్పుకుంటే చాలని చాలాసార్లు చెప్పాడు. 2002లో ఆటమ్ ఎగోయన్ ఇదే విషయం మీద తీసిన "అరారత్" సినిమాలో ముసలి దర్శకుడి వేషం వేశాడు. ఆ పాత్ర పేరు ఎడ్వర్డ్ సరోయన్, 1960లో తను వేసిన పియానిస్టు పేరే.

## ఇల్లు, చివరి రోజులు

ఎన్ని పెళ్ళిళ్ళు?

మూడు. మొదటి రెండూ నిలవలేదు. 1967లో స్వీడన్‌కు చెందిన ఉల్లా తోర్సెల్‌ని చేసుకున్నాడు, చివరిదాకా ఆమెతోనే. మొత్తం ఆరుగురు పిల్లలు. కొడుకు పాట్రిక్ 1976లో పాతికేళ్ళకే పోయాడు. దాని గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

స్విట్జర్లాండ్‌లో ఎందుకున్నాడు? పన్నులు ఎగ్గొట్టాడా?

1970ల్లో ఫ్రెంచి పన్నుల శాఖతో పెద్ద పేచీ వచ్చింది, కోర్టుదాకా వెళ్ళింది. ఆ సమయంలోనే మకాం స్విట్జర్లాండ్‌కి మార్చాడు. అభిమానులు దీన్ని దాటేస్తుంటారు, దాటెయ్యక్కర్లేదు. తర్వాత దక్షిణ ఫ్రాన్స్‌లోని మూరియెస్‌లో ఇల్లు, ఆలివ్ తోట పెట్టుకున్నాడు.

ముసలితనంలో మాటలు మర్చిపోయేవాడట, స్క్రీన్ చూసి పాడేవాడట?

అవును, దాచలేదు కూడా. చెవి సరిగా వినపడదని, ఎదురుగా ప్రాంప్టర్ ఉందని స్టేజీ మీదే చెప్పి నవ్వించేవాడు. 2006లో వీడ్కోలు పర్యటన మొదలుపెట్టాడు. ఆ వీడ్కోలు పన్నెండేళ్ళు నడిచింది.

ఎలా చనిపోయాడు?

2018 సెప్టెంబరులో జపాన్‌లో పాడాడు. టోక్యో, ఆ తర్వాత 19న ఒసాకా, అదే ఆఖరి కచేరీ. ఆ కచేరీ అయిన పన్నెండు రోజులకు, అక్టోబరు 1న మూరియెస్ ఇంట్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి, గుండె ఆగి పోయాడు. ముందు ముందు కచేరీలకు తేదీలు ఇచ్చేసి ఉన్నాయి. అక్టోబరు 5న పారిస్‌లోని అఁవలీద్ ప్రాంగణంలో ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు ఇచ్చారు. ఫ్రాన్స్, ఆర్మేనియా నాయకులు పక్కపక్కన నిలబడ్డారు. ఆర్మేనియా వాళ్ళ దుదూక్ మోగింది. అది ఆప్రికాట్ కర్రతో చేసే ఊదు వాద్యం. మర్నాడు పారిస్ దగ్గర మోంఫోర్ లమోరీలో తల్లిదండ్రులు, కొడుకు ఉన్న కుటుంబ సమాధిలో ఉంచారు.

బయోపిక్ వచ్చిందా?

వచ్చింది. 2024 అక్టోబరులో, ఆయన నూరో ఏడాదిలో, "మొస్యు అజ్నవూర్". అజ్నవూర్ వేషం నటుడు తాహర్ రహీమ్ వేశాడు. అయితే 2019లో వచ్చిన "ల రెగార్ ద షార్ల్" డాక్యుమెంటరీ నాకు ఇంకా ఇష్టం. 1948లో పియాఫ్ ఇచ్చిన చిన్న కెమెరాతో అజ్నవూర్ దేశదేశాల్లో తనే తీసుకున్న రీళ్ళు అవి. ఆయన చూసిన లోకం ఆయన కంటితోనే కనబడుతుంది. రేవుల్లో కూలీలు, వీధి పిల్లలు, ఓడ రెయిలింగుకి ఆనుకున్న ఆడవాళ్ళు.

నాకు ఫ్రెంచి రాదు. ఎక్కడ మొదలుపెట్టను?

"లా బోఎమ్" వీడియో, రుమాలుతో ఉన్నది. తర్వాత "ఎమ్‌నే మ్వా", రేవులో బరువులు మోసే మనిషి ఎండ ఉన్న దేశాలకు తీసుకెళ్ళమని అడిగే పాట. అర్థం తెలియకపోయినా కాలు ఆడుతుంది. ఆపైన "లా మామ్మా", చావు మంచం చుట్టూ ఇల్లంతా చేరే పాట. దీన్ని మాత్రం అనువాదం పక్కన పెట్టుకుని వినండి. ఆ ఇంట్లో కొడుకులూ కోడళ్ళూ మనవలూ ఎక్కడెక్కడినుంచో వచ్చి దిగుతుంటారు, పిల్లలు చప్పుడు చేయకుండా ఆడుకుంటుంటారు, ఎవరో గిటారు తీస్తారు.

ఫ్రెంచి నేర్చుకునేవాళ్ళకి ఆయన పాటలు పనికొస్తాయా?

చాలా. ప్రతి అక్షరం విడివిడిగా వినబడుతుంది. కాకపోతే కొన్నిచోట్ల మాట్లాడేటప్పుడు మింగేసినట్టే అచ్చులు మింగేస్తాడు, "జ మ్ వ్వాయె" శీర్షికలోనే ఒకటి పోయింది. ముందు నెమ్మది పాటలు వినండి. "తు త్ లెస్ అలే"లో మొగుడు తాగి పెళ్ళాం మీద ఎక్కుపెట్టిన తిట్లు మూడో నెలలో వినొచ్చు.